తగ్గించడానికి కావలసిన కవలలు

ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు పిల్లలు పుట్టడాన్ని సగానికి సగం తగ్గించాలని ఆరోగ్యశాఖ నిర్ణయించింది. నిర్ణయం మంచిదే. సంతాన చికిత్స కేంద్రాలలో ఒకటి పెట్టవలసిన చోట రెండు, రెండు పెట్టవలసిన చోట మూడు పిండాలు పెట్టడం వల్ల తల్లుల ప్రాణాల మీదికి వస్తోందని, పిల్లలు నెలలు నిండకముందే పుట్టి గాజుపెట్టెల్లో పెరుగుతున్నారని శాఖకు ఎవరో చెప్పారు. చెప్పినవారెవరో వాకబు చేసి, వారిని వేరే విభాగానికి బదిలీ చేసిన తర్వాత, వారు చెప్పినదాన్ని శాఖ మనస్ఫూర్తిగా ఆమోదించింది. అన్ని కేంద్రాల నుంచీ గత రెండేళ్ల కాన్పుల వివరాలు తెప్పించుకుంది. ముందేడాదితో పోలిస్తే కవలలను ఎక్కువగా తగ్గించిన కేంద్రానికి ఇత్తడి షీల్డు ఇస్తామని, ఏమీ తగ్గించని కేంద్రానికి ఎర్ర సిరాతో నోటీసు పంపుతామని ప్రకటించింది.

మొదటి ఎర్ర సిరా నోటీసు అందుకున్న ఘనత, కవలలు దాదాపు పుట్టనే పుట్టని కేంద్రానికి దక్కింది.

ఆ కేంద్రం ఒక బ్యాంకుకూ ఒక పళ్ల డాక్టరుకూ మధ్య ఇరుక్కున్న మూడంతస్తుల మేడలో ఉంది. మూడో అంతస్తులో, చెప్పులు విడిచి నీలం టోపీ పెట్టుకుంటే తప్ప అడుగు పెట్టనివ్వని గదిలో ల్యాబ్ అక్క ఉంటుంది. ఆమె అసలు పేరు హాజరు పట్టీకి మాత్రమే తెలుసు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ ఆమె ల్యాబ్ అక్కే. భార్య అండాన్నీ భర్త బీజాన్నీ కలిపి, ఐదు రోజులు వెచ్చని పెట్టెలో ఉంచి, పిండం ఎలా ఎదుగుతోందో మైక్రోస్కోపులో చూసి, బాగున్నదాన్ని సన్నని గొట్టంలోకి ఎక్కించి డాక్టరు చేతికి అందించడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా ఆమె గొట్టంలోకి ఎక్కించింది ఒక్కొక్కటే. మిగిలినవాటిని చిన్న చిన్న స్ట్రాల్లో పెట్టి, పేర్లు రాసి, గడ్డకట్టించి నైట్రోజన్ ట్యాంకులో దాస్తుంది. ఒకటి నిలవకపోతే ఇంకొకటి, అదీ నిలవకపోతే మరొకటి. దీనివల్ల ఆ కేంద్రంలో తల్లులైనవాళ్లు ఏమీ తక్కువ కాలేదు. గోడ మీద తగిలించుకోవడానికి కవలల ఫొటోలు మాత్రం లేవు. కిందటేడు మొత్తం మీద రెండే కవల కాన్పులు, అంతకు ముందేడూ రెండే. అవి కూడా, పెట్టిన ఒక్క పిండం తనంతట తాను రెండుగా విడిపోవడం వల్ల వచ్చినవి. అలా అరుదుగా జరుగుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

రెండు నుంచి రెండు తీసేస్తే తగ్గుదల సున్నా. ఎదురు వీధిలోని కేంద్రంలో అయితే ముందేడు నూటికి నలభై ఆరు కవల కాన్పులు ఉండేవి, కిందటేడు అవి ముప్పై నాలుగు అయ్యాయి. పన్నెండు తగ్గినందుకు ఆ కేంద్రం డాక్టరును శాలువాతో సత్కరించి, ఫొటో తీసి, తగ్గించడం ఎలా అన్న విషయం మీద ఊరూరా ఉపన్యాసాలకు పంపారు. మిగిలిన ముప్పై నాలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. శాఖ అడిగింది తగ్గిన వాటి గురించి కదా.

మన కేంద్రం పెద్ద డాక్టరు సహజంగా మంచివాడు. ఆయనకు బడి రోజుల నుంచీ ఎర్ర సిరా అంటే భయం. ఆ నోటీసును రెండు చేతులతో పట్టుకొని మూడుసార్లు చదివి, "మా కేంద్రంలో తగ్గించడానికి తగినంత మంది కవలలు లేనందున తగ్గించలేకపోయామని వినయపూర్వకంగా మనవి" అని సంజాయిషీ రాశాడు. వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. నిల్వ లేదన్న కారణం లక్ష్యసాధన నుంచి మినహాయింపుకు చాలదని, ఇంకోసారి ఇలాంటి సాకులు చెబితే అనుమతి రద్దవుతుందని అందులో ఉంది. వెనకే తనిఖీ అధికారి కూడా వచ్చాడు.

తనిఖీ అధికారి చెడ్డవాడేమీ కాదు. గదులన్నీ తిరిగి చూసి, ఖాళీ గోడల వైపు జాలిగా చూసి, కుర్చీలో కూర్చొని బిస్కెట్టు టీలో ముంచుకుంటూ సలహా ఇచ్చాడు.

"డాక్టరుగారూ, మెట్లు దిగారని రాయాలంటే ముందు మీరు పైన ఉండాలా వద్దా? మీరేమో మొదటి నుంచీ కిందే నిలబడ్డారు. దిగారని నేనెలా రాయను? మీకు ప్రాతిపదిక సరిగ్గా లేదు. ఆరు నెలలు గడువిస్తున్నాను. ఈ ఆరు నెలలూ కాస్త పెంచుకోండి. తర్వాత ఆరు నెలలు హాయిగా తగ్గించుకోవచ్చు."

"కానీ సార్, శాఖ ఉద్దేశం కవలలు తగ్గాలనే కదా," అని పెద్ద డాక్టరు నసిగాడు.

"అదే కదండీ నేను చెబుతున్నది," అన్నాడు అధికారి.

మర్నాడే కేంద్రంలో కవల కాన్పుల తగ్గింపు సంఘం ఏర్పడింది. ఆరు నెలలలోగా పన్నెండు మంది స్త్రీలకు రెండేసి పిండాలు పెట్టి, వీలైనంత మందికి కవలలు కలిగేలా చూడాలన్నది తగ్గింపు సంఘం చేసిన మొదటి తీర్మానం. ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ పన్నెండు మందికి ప్రాతిపదిక దంపతులని గౌరవంగా పేరు పెట్టారు. కింద హాల్లో బల్లలకు ఎదురుగా ఒక పోస్టరు వెలిసింది. "కవలల తగ్గింపు ఉద్యమంలో మీరూ భాగస్వాములు కండి. ఇద్దరు కావాలనుకునేవారికి ప్రాధాన్యం."

జనం విరగబడ్డారు. జనమంటే ఆ బల్లల మీద కూర్చొని రక్తపరీక్షలకు చేతులు చాపే ఆడవాళ్లు కారు. వాళ్ల వెంట వచ్చినవాళ్లు. భర్తలు, అత్తలు, ఆడపడుచులు, ఒకరిద్దరు మేనమామలు. ఒకే కడుపుతో పని పూర్తవుతుందంటే కాదనేవాళ్లెవరు? పోస్టరు మొత్తం చదివినవాళ్లు తక్కువ, ఇద్దరు అన్న మాట చదవనివాళ్లు లేరు. కౌంటరు ముందు వరస గుమ్మం దాటి పళ్ల డాక్టరు మెట్ల దాకా పోయింది. ఆయన దగ్గరికి పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కూడా పొరపాటున ఈ వరసలో నిలబడి, వంతు వచ్చాక రెండని చెప్పాడట.

ఆ పన్నెండు మంది జాబితాలో మొదట ఎక్కింది ఒక దర్జీ. ముప్పై ఆరేళ్ల మనిషి, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి ఆస్పత్రికి వచ్చేస్తుంటుంది. చిన్నప్పుడు ఆమె గుండె కవాటానికి ఆపరేషన్ చేశారు. దాని కుట్టు గొంతు కింద నుంచి మొదలై జాకెట్టులోకి పోతుంది. కుట్టు వంకరగా ఉందని, తనకిస్తే ఇంకా బాగా కుట్టేదాన్నని ఆమె తనే అని నవ్వుతుంది. గుండె డాక్టరు ఆమె చేతికి ఉత్తరం రాసిచ్చాడు. ఈ గుండె ఒక బిడ్డను మోయగలదు, ఇద్దరిని మోయలేదు. అండాల కోసం ఇంజెక్షన్లు పొడిచే తంతు కూడా ఒక్కసారికి మించి పెట్టవద్దు. ఆ ఒక్కసారిలో ల్యాబ్ అక్క చేతికి దక్కినవి రెండంటే రెండు మంచి పిండాలు.

అంగీకార పత్రం నింపే వేళకు దర్జీ లోపల స్కానింగులో ఉంది. బయట కౌంటరు దగ్గర ఆమె అత్త, బస్సు డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసే ఆమె భర్త ఉన్నారు. పెట్టవలసిన పిండాల సంఖ్య అన్న గడి దగ్గర గుమాస్తా పెన్ను ఆపింది.

"ఉన్నవి రెండేనంటున్నారుగా, రెండూ పెట్టేయండి," అంది అత్త. "ఒకదాన్ని లోపల పెట్టి ఇంకొకదాన్ని ఐసులో పడేస్తారా? పసిప్రాణం, ఎంత చలేస్తుందో."

"ఉత్తరంలో ఒకటని ఉందమ్మా," అన్నాడు భర్త.

"ఆయన గుండె డాక్టరు. కడుపు సంగతి ఆయనకేం తెలుసు?"

భర్త సంతకం పెట్టాడు. గుండె డాక్టరు ఉత్తరాన్ని పారేశారని ఎవరూ అనడానికి వీల్లేదు. దాన్ని మడిచి, పత్రం వెనక గుండుసూదితో భద్రంగా గుచ్చి, పైన "జతచేయబడింది" అని ముద్ర కూడా కొట్టారు.

ఆ సాయంత్రం దర్జీ మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీరేదాకా గోడ పట్టుకొని నిలబడింది.

"అక్కా, నాకు రెండు రాశారంట."

"నీకు చెప్పకుండానే?"

"అత్తయ్య చెప్పింది. శుభవార్త అని చెప్పింది."

"మరి నువ్వేమన్నావు?"

"నన్నెవరడిగారు అక్కా? సంతకం అయిపోయాక నా నోట్లో చక్కెర పోసింది."

ల్యాబ్ అక్క నీలం టోపీ తీయకుండానే కిందికి దిగి పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి ఓపికగా విడమరిచి చెప్పాడు. "చూడమ్మా, ఈ కేంద్రం కవలలకు వ్యతిరేకం. ఎప్పటికీ వ్యతిరేకమే. ఆ వ్యతిరేకతను కాగితం మీద రుజువు చేసుకోవాలంటే మన చేతిలో కొంతమంది కవలలుండాలి. ఇదొక త్యాగం. ఈ పన్నెండు మంది త్యాగం వల్ల రేపు ఎందరో తల్లులు క్షేమంగా ఉంటారు."

"ఈమె గుండె సంగతేంటి సార్?"

"గుండె మన విభాగం కిందికి రాదు. వాళ్ల ఉత్తరం జతచేశాంగా."

పిండం పెట్టే రోజు వచ్చింది. చిన్న గది, మధ్యలో ఎత్తు బల్ల, పక్కన స్కానింగు తెర, గోడలో ల్యాబులోకి తెరుచుకునే ఒక చిన్న కిటికీ. భర్త, అత్త బయట బల్ల మీద ఉన్నారు. పెద్ద డాక్టరు పక్క గదిలో మోచేతుల దాకా చేతులు రుద్దుకుంటున్నాడు. గొట్టం నింపే ముందు బల్ల మీద ఉన్న మనిషిని పేరు అడిగి సరిచూసుకోవడం ల్యాబ్ అక్క విధి. ఆమె వచ్చి పేరు అడిగింది. తర్వాత కాస్త వంగి, విధిలో లేని ప్రశ్న ఇంకొకటి అడిగింది.

"ఒకటా, రెండా?"

దర్జీ పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "ఒకటి. నాకు బిడ్డ కావాలి అక్కా. ఆ బిడ్డ నడిచేటప్పుడు చూడాలని కూడా ఉంది."

ల్యాబ్ అక్క లోపలికి వెళ్లి గొట్టంలోకి ఒక్కటే ఎక్కించి, కిటికీలోంచి చెయ్యి చాచి గట్టిగా "రెండు" అంది. పెద్ద డాక్టరు గొట్టం లోపలికి జరిపి, తెర మీద మెరిసిన చుక్కను చూశాడు. అది పిండంతో పాటు వెళ్లే గాలిబుడగ. పిండం ఆ తెర మీద కనిపించదు. "రెండూ వెళ్లాయి, స్పష్టంగా కనిపిస్తున్నాయి," అని ఆయన సంతృప్తిగా ప్రకటించాడు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ల్యాబ్ అక్క చేసింది ఒకటి, పుస్తకంలో రాసింది ఇంకొకటి. రెండో పిండాన్ని స్ట్రాలో పెట్టి, దర్జీ పేరు రాసి, ట్యాంకులో దించింది. కాగితం ప్రకారం ఆ పిండం దర్జీ కడుపులో ఉంది. మెట్లు దిగేటప్పుడు ఆమె చెవిలో మాత్రం నిజం చెప్పింది. "ఇంకొకటి దాచాను. ఇది నిలవకపోయినా బెంగపడకు."

మొదటిసారి అబద్ధం రాయడానికే కష్టపడాలి. తర్వాత అది మామూలు పనే. మిగిలిన పదకొండు మందినీ, బయటివాళ్లు బయట ఉండగా, ఆమె అదే ప్రశ్న అడిగింది. పది మంది ఒకటన్నారు. అందులో ఒకామె, ఇంతవరకు ఎవరూ అడగలేదని ఏడ్చింది కూడా. పదకొండో ఆమె "మీ ఇష్టం మేడమ్" అంది. ఎన్నేళ్లుగా, ఎంతమందితో ఆ మాట అంటూ వచ్చిందో పాపం. ల్యాబ్ అక్క దాన్ని ఒకటి కింద జమకట్టింది.

ఆరు నెలలు గడిచాయి. పన్నెండు మందిలో ఏడుగురు గర్భవతులయ్యారు. ఏడుగురి స్కానింగులోనూ ఒక్కొక్క బిడ్డే. దర్జీకి నిలవలేదు. ఆ కబురు విన్నరోజు ఆమె దుకాణం తెరిచి, నలభై కాలర్లు కుట్టి, అన్నీ తిరగేసి కుట్టానని చూసుకొని మళ్లీ విప్పింది. విప్పడం అయ్యాక ల్యాబ్ అక్కకు ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది.

"ఉంది కదా అక్కా?"

"ఉంది. మూడు నెలలు ఆగి రా."

పెద్ద డాక్టరు మాత్రం తల పట్టుకున్నాడు. పన్నెండు మందికి రెండేసి పెట్టినా ఒక్క కవల కాన్పయినా లేదంటే, ఇక తగ్గించుకునేదేమిటి? చెమటలు కక్కుతూ నివేదిక పంపి, రెండో ఎర్ర సిరా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. శాఖలోని గణాంక విభాగం వాళ్లు ఆ నివేదికను అటు తిప్పి ఇటు తిప్పి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఒక్కొక్క పిండం పెట్టినప్పుడు ఈ కేంద్రంలో ఏడాదికి రెండు కవల కాన్పులు. రెండేసి పెట్టడం మొదలుపెట్టాక సున్నా. అంటే రెండేసి పెడితే కవలలు తగ్గుతారు. తగ్గుదల నూటికి నూరు శాతం. లెక్కలో ఎక్కడా తప్పులేదు. ముగ్గురు వేర్వేరుగా సరిచూశారు.

షీల్డు ప్రదానం ఘనంగా జరిగింది. ఎదురు వీధి డాక్టరు కూడా మొదటి వరసలో కూర్చొని, మొహం గంటు పెట్టుకొని చప్పట్లు కొట్టాడు. ప్రధాన కమిషనరు మైకు సరిచేసుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, ప్రపంచమంతా ఒకటి పెడితే ఒకరు పుడతారని గుడ్డిగా నమ్ముతోంది. ఈ చిన్న కేంద్రం ఆ మూఢనమ్మకాన్ని బద్దలు కొట్టింది. పెంచడానికి చేసే ప్రయత్నంలో తగ్గించి చూపించింది. ఇటువంటి శాస్త్రీయ దృక్పథం మన నరనరాన జీర్ణించుకుపోవాలి. తల్లుల క్షేమమే మా శ్వాస. అందుకే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి దేశంలోని ప్రతి కేంద్రంలోనూ ప్రతి స్త్రీకీ విధిగా రెండు పిండాలు పెట్టాలని ఆదేశిస్తున్నాను. ఒక్కటి పెట్టడం ఇకపై నేరం."

హాలు దద్దరిల్లింది. వెనక వరసలో ల్యాబ్ అక్క చేతులు ఒళ్లో పెట్టుకొని లెక్కేసుకుంది. తను ఒక మనిషి గుండె కాపాడబోయి, ముక్కూమొహం తెలియని ఎందరి కడుపుల్లోకో రెండేసి పంపింది. ఆ రోజు ఆమె అన్నం ముందు కూర్చొని తినకుండానే లేచింది.

మూడు నెలలు ఆగి దర్జీ వచ్చింది. కౌంటరు గుమాస్తా పుస్తకం తిరగేసి, మీవి రెండూ అయిపోయాయండీ, మళ్లీ ఇంజెక్షన్లు మొదలుపెట్టాలంది. ఇంజెక్షన్లు ఆ గుండెకు పనికిరావు. ట్యాంకులో ఉన్న పిండమేమో కాగితం మీద లేదు. కాగితం మీద లేనిదాన్ని బయటికి తీయాలంటే ల్యాబ్ అక్క నిజం ఒప్పుకోవాలి. ఒప్పుకుంది. పెద్ద డాక్టరు గదిలో నిలబడి, పన్నెండు మందికీ ఒక్కొక్కటే పెట్టానని, పుస్తకంలో రాసిందంతా అబద్ధమని, ఆ కొత్త ఆదేశం తన అబద్ధం మీద నిలబడి ఉందని చెప్పింది.

పెద్ద డాక్టరు లేచి ముందు తలుపు వేశాడు. "ఇలాంటి మాటలు అనకూడదమ్మా. నేను తెర మీద స్వయంగా రెండు చూశాను."

"మీరు చూసింది గాలిబుడగ సార్."

"షీల్డు వచ్చాక అది గాలిబుడగ ఎలా అవుతుంది?"

అయినా ఆమె శాఖకు ఉత్తరం రాసింది. విచారణ సంఘం దిగింది. ట్యాంకు తెరిచి లెక్కపెడితే కాగితం మీద లేని పిండాలు పన్నెండు తేలాయి. పన్నెండు కుటుంబాల నుంచీ వాంగ్మూలాలు తీసుకున్నారు. కుటుంబాలు భగ్గుమన్నాయి. ఏడు ఇళ్లలో పుట్టబోయే బిడ్డ మీద సంతోషం పోయి, పుట్టకుండా పోయిన రెండో బిడ్డ మీద దుఃఖం మొదలైంది. దర్జీ అత్త అయితే, "నా మనవడిని ఇన్ని నెలలుగా మంచులో పడుకోబెట్టింది," అని సంఘం ముందు కొంగు తడిపింది.

చివరికి దర్జీ వంతు వచ్చింది. విచారణ గుమాస్తా కాగితం మీద భర్తకో గడి, అత్తమామలకో గడి, కేంద్రానికో గడి, సాక్షులకో గడి ఉన్నాయి.

"మీరు భర్తకు ఏమవుతారు?" అని అడిగాడు.

"భార్యను. పిండం పెట్టింది నాకే."

గుమాస్తా కాగితం కిందా మీదా వెతికాడు. "మీకు గడి లేదండీ. మీ తరఫున మీవారు చెప్పేశారుగా."

"ఆయనకేం పెట్టలేదు గదా. అక్క నన్ను అడిగింది, నేను ఒకటన్నాను. ఒకటే పెట్టింది. ఇందులో మోసమేముంది?"

"అది ఎక్కడ రాయమంటారు?" అన్నాడతను, నిజంగానే ఇబ్బంది పడుతూ. ఆమె కాగితం లాక్కొని అంచున ఖాళీ చోటులో తనే రాసింది. నివేదిక అచ్చువేసేటప్పుడు అంచులు కత్తిరించారు. అన్ని నివేదికలకూ అలాగే కత్తిరిస్తారు.

నలభై పేజీల నివేదిక వచ్చింది. కుటుంబపెద్దల సంతకాన్ని కాదని స్త్రీ మాట విన్నందుకు ల్యాబ్ అక్కను ఉద్యోగంలోంచి తీసేశారు. కవలలు పుట్టకపోవడం మాత్రం నిజమే కాబట్టి షీల్డు కేంద్రం దగ్గరే ఉంటుంది. ఆదేశం ఫలితాల మీద ఆధారపడింది గానీ కారణాల మీద కాదు కాబట్టి అదీ ఉంటుంది. ఇక ట్యాంకులోని పిండం దర్జీదేనని సంఘం ఉదారంగా ఒప్పుకుంది. నిబంధనలకు లోబడి ఆమె ఎప్పుడైనా వచ్చి పెట్టించుకోవచ్చు.

దర్జీ తనిఖీ అధికారి దగ్గరికి వెళ్లింది. ఉద్యోగం పోయిన ల్యాబ్ అక్క తోడు వెళ్లి గుమ్మం బయట నిలబడింది.

"సార్, నాకు కావలసింది ఒకటే. ఉన్నదీ ఒకటే. ఇంక అడ్డేంటి?"

"అదేనమ్మా అడ్డు. రెండుంటేనే పెట్టాలి."

"రెండైతే నేను చచ్చిపోతాను సార్."

అధికారికి జాలేసింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీలాంటివాళ్ల కోసమే శాఖ ప్రజాభిప్రాయం సేకరిస్తోందమ్మా. ముప్పై రోజులు ఓపిక పట్టండి."

అబద్ధం చెప్పలేదు. పేపర్లలో ప్రకటన వచ్చింది. ఒక స్త్రీకి ఎన్ని పిండాలు పెట్టాలో ప్రజలు ముప్పై రోజులలోగా ఉత్తరం ద్వారా తెలియజేయాలి. నాలుగు వేల ఉత్తరాలు వచ్చాయి. పింఛను తీసుకునే పెద్దలు రాశారు, పెళ్లికాని యువకులు రాశారు, ఒక బడిలో చేతిరాత పోటీ పెట్టి తరగతి మొత్తం చేత రాయించారు. ఎక్కువమంది రెండన్నారు. కొందరు మూడన్నారు. ఒకాయన ఒక మగ, ఒక ఆడ అయితే ఇల్లు నిండుగా ఉంటుందని సూచించాడు. దర్జీ కూడా రాసింది. ఆమె ఉత్తరం మీద, సొంత ప్రయోజనం ఉన్నవారి అభిప్రాయం పరిగణించరాదని ముద్ర వేసి పక్కన పెట్టారు. అసలేమీ రాయనివాళ్లు కోట్లమంది తేలారు. అభ్యంతరం ఉంటే రాసేవాళ్లే కదా అని శాఖ తర్కించి, వాళ్లందరినీ రెండు అన్నవాళ్లలో కలిపింది. ఇంత భారీ ఆమోదం ఇంతవరకు ఏ ఆదేశానికీ రాలేదు.

ముప్పై ఒకటో రోజున దర్జీ కేంద్రానికి వచ్చింది. ఇప్పుడు మూడో అంతస్తులో కొత్త మనిషి ఉన్నాడు, మర్యాదస్తుడు. కిటికీలోంచే చెప్పాడు, మీ పిండం చాలా బాగుందండీ, రెండోది దొరికినప్పుడు రండి. ఆమె సరేనంది. మెట్ల దగ్గర గోడ పట్టుకొని, కిందికి దిగేటప్పుడు ఆయాసం ఉండకూడదే అనుకుంటూ, చాలాసేపు నిలబడింది. ఎవరూ ఏమైందని అడగలేదు. అడగడం తమ విధి కాదని అక్కడ అందరికీ తెలుసు.

ఆ నెల నివేదికలో ఆమె పేరుకు ఎదురుగా "నివారించబడిన కవల కాన్పు: ఒకటి" అని రాశారు. కేంద్రానికి రెండో షీల్డు వచ్చింది. ఈ విజయం తమది కాదని, ప్రజలదని శాఖ వినమ్రంగా ప్రకటించి, సహకరించిన ప్రతి ఒక్కరి పేరునూ అచ్చువేయించి గోడలకు అంటించింది. ఉత్తరాలు రాసినవాళ్ల జాబితా నలభై పేజీలు. రాయనివాళ్ల జాబితా చాలా పెద్దది. అందులో మీ పేరు సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి.